జ్వరం తగ్గకపోతే ముందు ఒళ్లు వెతకండి: స్క్రబ్ టైఫస్‌ను ఇంట్లోనే పసిగట్టడం ఎలా

మీ ఇంట్లో ఎవరికైనా ఇప్పటికే నాలుగైదు రోజులుగా జ్వరం ఉంటే, ఇదంతా తీరిగ్గా చదవక్కర్లేదు. కిందకి వెళ్లి "మచ్చ కోసం ఎలా వెతకాలి" అన్న భాగం చూడండి, ఆ పని చేయండి, ఆస్పత్రికి బయల్దేరండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

మా పెద్దమ్మకి ఒకసారి ఎనిమిది రోజులు జ్వరం కాసింది. మలేరియా టెస్ట్ చేశారు, లేదన్నారు. డెంగ్యూ కాదన్నారు. టైఫాయిడ్ అని చెప్పి ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఎనిమిదో రోజుకి ఆయాసం వచ్చింది, పట్నం తీసుకెళ్లాం. అక్కడ చీర మార్పిస్తున్న నర్సమ్మ లంగా బొందు కింద నల్లటి మచ్చ చూసి, "ఇదెప్పట్నుంచమ్మా?" అని అడిగింది. "వారం పైనే అయిందమ్మా. నొప్పా పాడా, అందుకే చెప్పలేదు" అంది పెద్దమ్మ. ఆ మచ్చే జబ్బు పేరు చెప్పింది: స్క్రబ్ టైఫస్, ఒక పురుగు కుడితే వచ్చే జ్వరం. మందు మార్చాక రెండో రోజుకి జ్వరం దిగింది. వారం రోజులుగా ఆవిడ చుట్టూ తిరిగిన మాలో ఒక్కరం కూడా ఆ మచ్చ చూడలేదు. చూడాలని మాకు తెలియదు.

ఏ పురుగు ఇది?

స్క్రబ్ అంటే ఇక్కడ రుద్దడం కాదు, పొదలూ గడ్డీ పెరిగిన నేల. అలాంటి చోట ఉండే మైట్ జాతి పురుగు పిల్ల కుడితే వచ్చే జ్వరం కాబట్టి స్క్రబ్ టైఫస్ అన్నారు. ఆ పిల్ల పురుగును చిగ్గర్ అంటారు. మైట్లు మన రైతులకు కొత్తవేం కాదు. బెండ ఆకుల మీద వచ్చే ఎర్రనల్లి కూడా మైటే. అందుకే పేపర్లలో "నల్లిని పోలిన పురుగు" అని రాస్తుంటారు. అది చదివి మంచాలు ఎండలో వేసిన వాళ్లు నాకు తెలుసు. మంచంలో ఉండే నల్లికీ ఈ జబ్బుకీ సంబంధం లేదు.

ఇంకో అపోహ ఆరుద్ర పురుగు గురించి. తొలకరి వానలకు నేల మీద పాకే ఎర్రటి మఖమల్ పురుగు కూడా మైట్ల కుటుంబమే, చిగ్గర్‌కు దూరపు చుట్టం. వాట్సాప్‌లో దాని ఫొటో పెట్టి "ఇదే స్క్రబ్ టైఫస్ పురుగు, కనిపిస్తే చంపండి" అని తిప్పుతుంటారు. పాపం, దాని జోలికి వెళ్లకండి. అసలు చిగ్గర్ మీ కంటికి కనిపించదు. దాని సైజు మిల్లీమీటరులో ఐదో వంతు. ఎర్రటి నలుసు లాంటిది.

మైట్లు సాలీడు జాతివి, ఎనిమిది కాళ్లుంటాయి. పిల్లగా ఉన్నప్పుడు మాత్రం చిగ్గర్‌కు ఆరే కాళ్లు. ఈ జబ్బులో మనిషిని కుట్టేది ఆ పిల్ల పురుగే. పెద్దయ్యాక మట్టిలోనే ఉండి చిన్న చిన్న పురుగుల్నీ వాటి గుడ్లనీ తిని బతుకుతుంది. అంటే జీవితంలో ఒక్కసారి ఒక జంతువును పట్టుకుంటుంది, మామూలుగా ఎలుకనో పందికొక్కునో. మనం దాని దారికి అడ్డం వస్తే మనల్ని.

జీవితంలో ఒక్కసారే కుట్టే పురుగు జబ్బును ఒకరి నుంచి ఇంకొకరికి ఎలా మోస్తుంది? దోమ లెక్క ఇక్కడ కుదరదు. దోమ ఒకరిని కుట్టి, తర్వాత మరొకరిని కుట్టి మలేరియా అంటిస్తుంది. ఇక్కడ బాక్టీరియా తల్లి మైట్ నుంచి గుడ్డులోకి, గుడ్డు నుంచి పిల్లలోకి వస్తుంది. చిగ్గర్ పుట్టేటప్పటికే దానిలో ఓరియెన్షియా సుత్సుగాముషి అనే బాక్టీరియా ఉంటుంది. కాబట్టి ఊళ్లో ఒక్క రోగీ లేకపోయినా ఆ గట్టు మీద జబ్బు కూర్చునే ఉంటుంది. ఇంట్లో ఒకరికి వస్తే ఆ మనిషి నుంచి మిగతావాళ్లకి అంటదు. కంచం, పక్క వేరు చేయక్కర్లేదు. ఒకే ఇంట్లో ఇద్దరికి వచ్చిందంటే ఇద్దరూ ఒకే చోట గడ్డి కోశారని అనుకోవాలి.

బాక్టీరియాను మోసే పురుగులు ఒక్కోటీ ఒక్కో తీరు. ఈగ కుట్టదు; మలం మీద వాలి, ఆ కాళ్లతోనే అన్నం మీద వాలి టైఫాయిడ్, విరేచనాల క్రిములు దించుతుంది. ఎలుకల మీద దూకే ఫ్లీ అనే పురుగు ప్లేగును మోస్తుందని 1898లో కరాచీలో ఫ్రెంచ్ డాక్టర్ పాల్ లూయీ సిమాండ్ చూపించాడు. ఒంటి పేను వల్ల ఇంకో రకం టైఫస్ వస్తుందని 1909లో ట్యునిస్‌లో చార్లెస్ నికోల్ తేల్చాడు, ఆ పనికి 1928 నోబెల్ వచ్చింది. అక్కడ పేను కాటు కంటే దాని రెట్ట ప్రమాదం. గోక్కున్నప్పుడు అది పుండులోకి వెళ్తుంది. ఈ పురుగులన్నిటికీ కలిపి ఒకే జాగ్రత్త చెప్పడం కుదరదు కాబట్టి, మన వాన, చలి కాలాల్లో ఎక్కువగా తగిలే చిగ్గర్ గురించే చెబుతాను.

పొలానికి వెళ్లే ముందు

జాగ్రత్త పడాల్సిన కాలం వానలు ముదిరిన దగ్గర్నుంచి సంక్రాంతి దాకా. గడ్డి ఏపుగా, నేల తేమగా ఉండే రోజులు. 2025 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో ఈ జబ్బు పేరు రోజూ వార్తల్లో నలిగిందీ ఈ కాలంలోనే. ఇది కొత్తగా పుట్టుకొచ్చిన రోగం అని అప్పట్లో చాలామంది భయపడ్డారు. కొత్తది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అస్సాం, బర్మా అడవుల్లో సైనికులను మంచాన పడేసింది ఇదే. చిత్తూరు, తిరుపతి వైపు డాక్టర్లు, సరిహద్దు అవతల వేలూరు డాక్టర్లు దీన్ని చాలా ఏళ్లుగా చూస్తున్నారు.

గడ్డి కోయడానికీ మేకలు మేపడానికీ కట్టెలకూ బహిర్భూమికీ వెళ్లేటప్పుడు పొడుగు చేతుల చొక్కా, పాదాల దాకా ప్యాంటు వేసుకోండి. ప్యాంటు అంచును సాక్సులోకి దోపండి, చొక్కాను ప్యాంటులోకి దోపండి. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. చిగ్గర్ గడ్డి కొసన కాచుకుని, తగిలిన కాలికి అంటుకుని పైకి పాకుతుంది. బట్ట బిగుతుగా ఉన్న చోట ఆగి అక్కడే కుడుతుంది. లుంగీ ముడి, లంగా బొందు, మొలతాడు, లోదుస్తుల ఎలాస్టిక్ దగ్గరే మచ్చలు ఎక్కువ కనిపించడానికి కారణం అదే.

చీరతో పనిచేసే ఆడవాళ్లకి ఈ ప్యాంటూ సాక్సుల సలహా అంతగా పనికిరాదని నాకూ తెలుసు. చీర మీద పాత చొక్కా వేసుకోవడం మన దగ్గర ఎప్పట్నుంచో ఉంది. దానికి తోడు లోపల కాలికి అంటుకుని ఉండే లెగ్గింగ్ ఒకటి వేసుకున్నా చాలా తేడా ఉంటుంది.

దోమల క్రీము పనిచేస్తుందా అంటే, లేబుల్ మీద డీట్ అని రాసి ఉన్నది పనిచేస్తుంది. చీలమండలకు, పిక్కలకు, నడుము చుట్టూ రాయండి. చెమటకి పోతుంది, మళ్లీ రాయాలి. పర్మెత్రిన్ అనే మందు బట్టలకు పట్టించడానికి ఉంటుంది, అది ఒంటికి రాసేది కాదు. ఒక హెచ్చరిక: పొలంలో కొట్టే పురుగుమందు ఏదైనా సరే, బట్టల మీదా ఒంటి మీదా చల్లుకోకండి. చిగ్గర్ కంటే ముందు అది మిమ్మల్ని ఆస్పత్రిలో చేరుస్తుంది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక గట్టు మీద గడ్డిలో నడుం వాల్చకండి. పట్టానో గోనెసంచో పరుచుకోండి. చొక్కా విప్పి పొద మీద ఆరేసే అలవాటు ఉంటే మానండి. ఉతికిన బట్టలు కూడా గడ్డి మీద, కంచె మీద కాకుండా తీగ మీదే ఆరేయండి. చిగ్గర్లు అంతటా సమానంగా ఉండవు, గుంపులుగా ఉంటాయి. ఒక జానెడు గడ్డిలో కుప్పలుగా ఉండి, పది అడుగుల అవతల ఒక్కటీ ఉండకపోవచ్చు. "నేనూ అక్కడే పనిచేశాను, నాకేం కాలేదు" అని పక్కవాళ్లు అంటే ఆ మాటతో ధైర్యపడిపోకండి.

ఇంటికి రాగానే

చిగ్గర్ ఒంటి మీదికి ఎక్కిన వెంటనే కుట్టదు. అనువైన చోటు కోసం కాసేపు తిరుగుతుంది. మనకు దొరికే అవకాశం ఆ కాసేపే. రాగానే టీ తాగుతూ కూర్చోకుండా నేరుగా స్నానానికి వెళ్లండి. సబ్బు పెట్టి, పీచుతో చంకలు, గజ్జలు, నడుము, మోకాళ్ల వెనక గట్టిగా రుద్దుకోండి. విప్పిన బట్టలు మంచం మీదా కొక్కేనికీ వేయకుండా వేడినీళ్లలో నానబెట్టి ఉతికించండి. అదే చొక్కా రేపు మళ్లీ తొడుక్కుంటే ఈ స్నానం వల్ల ఉపయోగం సగమే.

ఇంటి చుట్టూ గడ్డి, పొదలు కొట్టించండి. పెరట్లో కట్టెల మోపు, పాత ఇటుకల కుప్ప ఉంటే ఎలుకలు చేరతాయి, ఎలుకలతో పాటు మైట్లూ వస్తాయి. పట్నంలో అపార్ట్‌మెంట్ పక్కన ఖాళీ ప్లాటులో నడుం ఎత్తు గడ్డి పెరిగితే, పిల్లలు బంతి కోసం అందులోకి దూరుతుంటే, అది కూడా పొలం కిందే లెక్క.

జ్వరం వస్తే

కుట్టిన చోట నొప్పి ఉండదు, చాలామందికి దురద కూడా ఉండదు. పది పన్నెండు రోజులకి జ్వరం మొదలవుతుంది. ఒక్కోసారి వారానికే రావచ్చు, మూడు వారాలూ పట్టవచ్చు. అందుకే "నిన్న ఎక్కడికెళ్లావ్?" అని అడిగితే ఏమీ తేలదు. "రెండు వారాల కింద ఏం పని చేశావ్?" అని అడగండి. వరి కోతకి వెళ్లారా, పత్తి ఏరారా, గుట్ట మీది గుడికి నడిచి వెళ్లారా, ట్రెక్కింగ్‌కి వెళ్లారా గుర్తుచేయండి.

చలితో జ్వరం, కణతలు పగిలిపోయేలా తలనొప్పి, ఒళ్లు నొప్పులు, కళ్లు ఎర్రబడటం, కొందరికి దద్దుర్లు, పొడి దగ్గు. ఇవే లక్షణాలు డెంగ్యూలోనూ ఉంటాయి, ప్లేట్‌లెట్లు రెండింటిలోనూ పడిపోతాయి. కాబట్టి ప్లేట్‌లెట్ల లెక్క చూసి డెంగ్యూ అని మీకు మీరే తీర్మానించుకోకండి. ఏ జ్వరమో తేలేదాకా పారాసెటమాల్ ఒక్కటే వేసుకోండి. ఒళ్లు నొప్పులకని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి వద్దు, డెంగ్యూ అయితే రక్తస్రావం ప్రమాదం.

మచ్చ కోసం ఎలా వెతకాలి

ఇదే ఈ వ్యాసంలో అసలు పని. పది నిమిషాలు పడుతుంది, పైసా ఖర్చు లేదు.

వెతికేది ఒక చిన్న పుండు. ముందు పొక్కులా లేచి, తర్వాత మధ్యలో నల్లటి చెక్కు కట్టి, చుట్టూ ఎర్రటి అంచు ఉంటుంది. చుట్టతోనో బీడీతోనో చురక పెట్టినట్టు కనిపిస్తుంది. డాక్టర్లు దీన్ని ఎస్కార్ అంటారు. సాధారణంగా ఒక్కటే ఉంటుంది. తడిగా ఉండే చోట, అంటే గజ్జల్లో, రొమ్ముల కింద, చెక్కు నల్లబడకుండా తెల్లటి పైపైన పుండులా ఉండవచ్చు. నలుపే కావాలని చూస్తే దాన్ని దాటేస్తారు.

గదిలో లైటు వేయండి, ఫోన్ టార్చ్ కూడా పట్టుకోండి. తల దగ్గర మొదలుపెట్టండి: జుట్టు పాయలు తీసి చూడండి, చెవుల వెనక, మెడ. తర్వాత చంకలు, చేతులు పైకెత్తి. రొమ్ముల కింద మడత. బొడ్డు, బొడ్డు చుట్టూ. నడుము చుట్టూ పూర్తిగా, మొలతాడు పక్కకి జరిపి. వీపు, పిరుదుల మధ్య. గజ్జలు, మర్మాంగాలు. మోకాళ్ల వెనక, చీలమండలు. చంకలో గానీ గజ్జల్లో గానీ బిళ్ల కట్టి నొప్పిగా ఉంటే ఆ చుట్టుపక్కలే ఎక్కువసేపు వెతకండి. గజ్జల్లో బిళ్ల ఉంటే కాలు, నడుము కింది భాగం. చంకలో ఉంటే చెయ్యి, ఛాతీ, వీపు.

మన ఇళ్లలో ఇది ఆగిపోయేది సిగ్గు దగ్గర. కొడుకు తల్లిని చూడలేడు, కోడలు మామగారిని చూడలేదు. ఆడవాళ్లని ఆడవాళ్లే, కూతురో చెల్లెలో చూస్తే సరిపోతుంది. మామగారిని ఆయన కొడుకు చూడవచ్చు. ఎవరూ లేకపోతే అద్దం ముందు నిలబడి స్నానాల గదిలో తమంతట తామే చూసుకోమనండి, అందని చోట్లు ఆశా కార్యకర్తనో నర్సునో చూడమనండి. "ఎక్కడైనా పుండు ఉందా?" అని నోటితో అడిగి ఊరుకోకండి. నొప్పి లేని పుండు ఉన్నట్టు వాళ్లకే తెలియదు. మా పెద్దమ్మ తెలిసీ చెప్పలేదు.

కనిపిస్తే గిల్లకండి, పసుపు పెట్టకండి, సున్నం రాయకండి. ఫొటో తీసుకోండి. ఆ చెక్కు నుంచి కూడా పరీక్ష చేయవచ్చు.

మచ్చ కనిపించకపోతే జబ్బు లేదనుకోవద్దు. కొందరికి అసలు మచ్చే ఉండదు. వెతకడం వల్ల పోయేదేం లేదు, అంతే.

డాక్టర్ దగ్గర

ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకుని వెళ్లండి. జ్వరం ఏ తేదీన మొదలైంది, అంతకు ముందు మూడు వారాల్లో ఎక్కడెక్కడ తిరిగారు, మచ్చ ఎక్కడుంది, ఇప్పటిదాకా ఏ మందులు వాడారు. "సార్, స్క్రబ్ టైఫస్ ఏమైనా అయ్యుంటుందా?" అని మొహమాటం లేకుండా అడగండి. ఓపీలో వంద మందిని చూసే డాక్టర్‌కి ఆ ఒక్క ప్రశ్న సాయమే, తప్పుపట్టడం కాదు.

టైఫస్, టైఫాయిడ్ అన్న పేర్లు కలిసిపోవడం పెద్ద తలనొప్పి. టైఫాయిడ్ అన్న మాటకి అర్థమే "టైఫస్ లాంటిది" అని. పేరు దగ్గరైనా జబ్బులు వేరు. టైఫాయిడ్ కలుషితమైన తిండి, నీళ్ల వల్ల వస్తుంది. మన దగ్గర వైడల్ టెస్ట్ ఒక్కటి చూసి టైఫాయిడ్ అనేయడం మామూలైపోయింది. టైఫాయిడ్‌కి ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్ లాంటి ఇంజెక్షన్లు స్క్రబ్ టైఫస్ మీద పనిచేయవు. ఈ బాక్టీరియా మన కణాల లోపల దూరి ఉంటుంది, పైగా ఆ మందులు దెబ్బకొట్టే గోడ దీనికి సరిగ్గా ఉండదు. కాబట్టి ఇంజెక్షన్లు మొదలుపెట్టి మూడు రోజులైనా జ్వరం అలాగే ఉంటే, మందు మోతాదు పెంచమనే ముందు జబ్బు అదేనా అని అడగాలి.

స్క్రబ్ టైఫస్‌కి ఐజీఎమ్ ఎలైసా అనే రక్తపరీక్ష చేస్తారు. జ్వరం వచ్చిన మొదటి నాలుగైదు రోజుల్లో ఇది నెగటివ్ రావచ్చు, ఒంట్లో యాంటీబాడీలు తయారవ్వాలి కదా. అందుకే లక్షణాలు, మచ్చ చూసి అనుమానం బలంగా ఉంటే డాక్టర్లు రిపోర్ట్ కోసం ఆగకుండా మందు మొదలుపెడతారు. "టెస్ట్ రాకుండానే మందు ఇచ్చేశాడు" అని తిట్టుకోకండి, అది సరైన పని.

ఆ మందు డాక్సీసైక్లిన్. పాతది, చవకది, ప్రభుత్వాస్పత్రుల్లో దొరికేది. పెద్దవాళ్లకి మామూలుగా 100 మిల్లీగ్రాములు రోజుకి రెండు పూటలా, దాదాపు వారం రోజులు. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. పిల్లలకి వాళ్ల బరువును బట్టి డాక్టరే నిర్ణయించాలి. ఈ పేర్లు చెబుతున్నది చీటీ అర్థమవడానికి, మెడికల్ షాపులో సొంతంగా కొనడానికి కాదు. మందు పడ్డాక చాలామందికి రెండు రోజుల్లోనే జ్వరం దిగుతుంది. దిగకపోతే ఆ సంగతి డాక్టర్‌కి వెంటనే చెప్పాలి, వేరే జబ్బు కూడా ఉండొచ్చు.

డాక్సీసైక్లిన్ వేసుకునేటప్పుడు తిన్నాక, నిండు గ్లాసు నీళ్లతో వేసుకోండి. వేసుకున్నాక అరగంట పడుకోకండి; గొంతులో ఇరుక్కుంటే అన్నవాహిక పుండు పడుతుంది. ఐరన్ మాత్రలు, గ్యాస్ మాత్రలు అదే సమయానికి వద్దు. ఎండ పడితే చర్మం కమిలే అవకాశం ఉంది కాబట్టి ఆ వారం ఎండలో పనికి వెళ్లకండి. జ్వరం మూడో రోజుకే తగ్గిందని మిగిలిన మాత్రలు డబ్బాలో దాచకండి, చెప్పినన్ని రోజులూ వాడాలి.

రెండో వారంలోకి వెళ్తే ఈ జబ్బు ముదురుతుంది. ఆయాసం, మగత, మాట తడబడటం, ఫిట్స్, మూత్రం తగ్గిపోవడం, కళ్లు పచ్చబడటం, ఆగని వాంతులు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఊళ్లో సెలైన్ ఎక్కించుకుంటూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. అలా ముదిరిన దశకి కూడా వైద్యం ఉంది. మన దేశంలోనే పలు ఆస్పత్రులు కలిసి దాదాపు 800 మంది రోగుల మీద చేసిన అధ్యయనం 2023లో అచ్చయింది. జబ్బు ముదిరినవాళ్లకి డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరానికి ఎక్కిస్తే ఒక్కదాని కంటే బాగా పనిచేసిందని అందులో తేలింది.

తగ్గాక

నీరసం రెండు మూడు వారాలు ఉంటుంది. మచ్చ మెల్లగా మానుతుంది, చెక్కు దానంతట అదే రాలిపోతుంది. దీనికి టీకా లేదు. ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ రాదనే హామీ కూడా లేదు, ఈ బాక్టీరియాలో రకాలు చాలా ఉన్నాయి. వచ్చే ఏడు కోతలప్పుడు అదే మనిషికి జ్వరం వస్తే, "పోయినేడే వచ్చింది కదా" అనుకోకుండా మళ్లీ టార్చ్ తీయండి.